పెదనాన్న సూదిలో పంచదార: ప్రొటీన్ మందులకి చక్కెర ఎందుకు తగిలిస్తారు?

ఈరోజు ఎపిసోడ్‌ని ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడతాను.

మా పెదనాన్నది శ్రీకాకుళం జిల్లా. వయసు అరవై దాటింది. ఇరవై ఏళ్లుగా షుగర్ ఉంది. దానివల్లే కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లొస్తుంటారు. అటు ఉద్దానం వైపు ఊళ్లలో డయాలసిస్ అనే మాట ఎవరికీ కొత్త కాదు, మీకు తెలిసే ఉంటుంది. మొన్న ఒక రాత్రి ఆయన ఫోన్ చేసి, "ఏరా, సైన్సు గురించి వీడియోలు చేస్తావు గదా, నాకొక మాట చెప్పు. డయాలసిస్ అయ్యాక రక్తం పట్టడానికని ఒక సూది ఇస్తన్నారు. అందులో పంచదార ఉంటాదంట. నాకు అసలే సుగరు. మరి ఆ సూది ఎందుకు ఎయ్యించుకోవాల? రెండు వారాలై మానేసినాను" అన్నారు.

నాకు గుండె ఝల్లుమంది. ఎవరు చెప్పారు పెదనాన్నా అంటే, పక్క బెడ్ ఆయన కొడుకు ఫోన్లో ఒక వీడియో చూపించాడట. ముప్ఫై సెకన్ల వీడియో. "ఈ ఇంజెక్షన్‌లో 40 శాతం చక్కెరే" అని అందులో ఉందట.

ఇక్కడ చిక్కేంటంటే, ఆ 40 శాతం అనే మాట అబద్ధం కాదు. నిజమే. కానీ ఆ నిజాన్ని సగంలో ఆపేశారు. సగం నిజం విని మా పెదనాన్న మందు మానేశారు. మిగిలిన సగం ఏంటో ఈరోజు చూద్దాం. ఆయనకి ఫోన్లో ఏం చెప్పానో అదే మీకూ చెప్తాను, కాస్త వివరంగా.

ముందు ఆ సూది ఏంటో తెలుసుకుందాం. దాని పేరు ఎరిత్రోపోయెటిన్. డాక్టర్లు ముద్దుగా ఈపీఓ అంటారు. ఇది మందుల కంపెనీ కనిపెట్టిన కొత్త పదార్థమేమీ కాదు. మీ ఒంట్లో, నా ఒంట్లో ఇప్పుడు ఈ క్షణం కూడా తయారవుతోంది. ఎక్కడ? కిడ్నీల్లో. కిడ్నీ అనగానే మనకి మూత్రం ఒక్కటే గుర్తొస్తుంది. కానీ దానికి ఇంకో డ్యూటీ ఉంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతోందని పసిగడితే కిడ్నీ ఈపీఓ అనే హార్మోన్‌ని విడుదల చేస్తుంది. అది రక్తంలో ప్రయాణం చేసి ఎముకల్లో ఉండే మూలుగకి చేరి, "ఎర్ర రక్త కణాలు ఇంకా కావాలి, తయారుచెయ్యి" అని కబురు చెప్తుంది.

మరి కిడ్నీలు పాడైతే? కబురు చెప్పేవాడు ఉండడు. మూలుగ బాగానే ఉంటుంది, కానీ దానికి పని చెప్పేవాళ్లు లేరు. హిమోగ్లోబిన్ పడిపోతుంది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. డయాలసిస్ మిషన్ రక్తాన్ని శుభ్రం చేస్తుంది గానీ ఈపీఓని తయారు చెయ్యలేదు. అందుకే ఆ హార్మోన్‌ని బయటినుంచి ఇవ్వాలి. ఈ మందు రాకముందు చాలామంది డయాలసిస్ రోగులకి మళ్లీమళ్లీ రక్తం ఎక్కించడమే దారి.

ఈ మందు ఊరికే రాలేదు. అమెరికాలో షికాగో యూనివర్సిటీలో యూజీన్ గోల్డ్‌వాసర్ అనే శాస్త్రవేత్త దీన్ని శుద్ధంగా పట్టుకోవడానికి ఏళ్ల తరబడి వెతికారు. రక్తంలో ఇది ఎంత తక్కువ ఉంటుందంటే, విడదీసి చూడటమే కష్టం. చివరికి జపాన్‌లో తకాజీ మియాకే అనే డాక్టర్ సాయం చేశారు. ఒక రకమైన తీవ్ర రక్తహీనత ఉన్న రోగుల మూత్రంలో ఈపీఓ ఎక్కువగా పోతుంటుంది. అలాంటి రోగుల మూత్రం ఏకంగా 2550 లీటర్లు సేకరించారు. మన వీధి చివర వాటర్ ట్యాంకర్‌ని ఊహించుకోండి. అంత మూత్రం నుంచి 1977లో వాళ్లకి దక్కింది కొన్ని మిల్లీగ్రాములు. ఆ కాస్త పదార్థాన్ని పట్టుకుని, 1983లో ఆమ్‌జెన్ కంపెనీలో ఫూ కుయెన్ లిన్ అనే శాస్త్రవేత్త ఈపీఓకి సంబంధించిన జన్యువుని పట్టుకున్నారు. 1989లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది.

జన్యువు దొరికింది కదా, ఇక బ్యాక్టీరియాలో పెట్టేస్తే అయిపోయేది కదా? మీలో బయాలజీ చదివినవాళ్లకి ఈ డౌట్ రావాలి. ఎందుకంటే అప్పటికే ఇన్సులిన్ అలాగే తయారవుతోంది. ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో మనిషి ఇన్సులిన్ జన్యువు పెట్టి చేసిన ఇన్సులిన్‌కి 1982లోనే అనుమతి వచ్చింది. మరి ఈపీఓకి ఆ చవక దారి ఎందుకు పనికిరాలేదు?

జవాబు చక్కెర. ఇప్పుడు అసలు విషయంలోకి వచ్చాం.

ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. పూసలు గుచ్చినట్టు ఒకదాని తర్వాత ఒకటి. ఇన్సులిన్‌లో అలాంటివి 51 పూసలు. ఈపీఓలో 165. ఇన్సులిన్ దండ గుచ్చి సరిగ్గా మడత పెడితే చాలు, పని చేస్తుంది. ఈపీఓకి అలా కాదు. దండ గుచ్చాక మన కణం దానికి నాలుగు చోట్ల చక్కెర గొలుసులు తగిలిస్తుంది. కొమ్మలు కొమ్మలుగా ఉండే గొలుసులవి. ఆ నాలుగు గొలుసులు కలిపితే మొత్తం బరువులో దాదాపు 40 శాతం. ఆ వీడియోలో చెప్పిన 40 శాతం ఇదే.

ఇలా కణం తనంతట తాను, ఎంజైముల సాయంతో, లెక్క ప్రకారం ప్రొటీన్‌కి చక్కెర గొలుసులు తగిలించడాన్ని గ్లైకోసైలేషన్ అంటారు. పేరు నోరు తిరక్కపోయినా పర్లేదు. "చక్కెర తగిలించడం" అనుకుందాం. ఇది ఎక్కడ పడితే అక్కడ జరగదు. ఈపీఓలో మూడు గొలుసులు ఆస్పరజీన్ అనే పూసకి, ఒకటి సెరీన్ అనే పూసకి తగులుతాయి. అందులోనూ ఏ ఆస్పరజీన్ పడితే అది కాదు. దాని తర్వాత రెండో పూస సెరీన్ గానీ థ్రియోనీన్ గానీ అయితేనే గొలుసు తగిలే అవకాశం.

ఇక్కడ ఒక కన్ఫ్యూజన్ తీర్చేస్తాను. షుగర్ ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ టెస్టు చేయించుకుంటారు కదా. అందులో కూడా ప్రొటీన్‌కి చక్కెర అంటుకోవడమే కొలుస్తారు. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువైతే అది హిమోగ్లోబిన్‌కి దానంతట అదే అంటుకుంటుంది. ఏ ఎంజైమూ అక్కర్లేదు, ఒక లెక్కా ఉండదు. బెల్లం డబ్బా మూత జిగురుగా అయిపోయినట్టు. దాని పేరు గ్లైకేషన్. మనం మాట్లాడే గ్లైకోసైలేషన్ వేరు. ఇది మగ్గం మీద జాకెట్టుకి పూసలు కుట్టినట్టు, చోటు చూసి, వరస చూసి కుట్టే పని. పేర్లు దగ్గరగా ఉన్నాయి, పనులు వేరు.

ఇంకోటి. ఈ చక్కెర అంటే మన టీలో వేసుకునే పంచదార కాదు. మానోజ్, గెలాక్టోజ్, ఫ్యూకోజ్ లాంటి చక్కెరలుంటాయి. గొలుసు చివర సయాలిక్ ఆమ్లం అనేది ఉంటుంది. ఈ ఆఖరి పేరు గుర్తుపెట్టుకోండి. ఈ కథలో హీరో అదే.

సరే, బ్యాక్టీరియాకి ఈ కుట్టుపని రాదు. ఈ.కోలైకి ఈపీఓ జన్యువు ఇస్తే దండ గుచ్చి ఇస్తుంది, చక్కెర మాత్రం తగిలించదు. అందుకే శాస్త్రవేత్తలు జంతు కణాలని ఎంచుకున్నారు. చైనీస్ హామ్‌స్టర్ అని చిన్న ఎలుకలాంటి జంతువు. దాని అండాశయం నుంచి 1957లో థియోడోర్ పక్ అనే శాస్త్రవేత్త తీసిన కణాల సంతానం ఇప్పటికీ ల్యాబుల్లో, ఫ్యాక్టరీల్లో పెరుగుతూనే ఉంది. వాటిని సీహెచ్‌ఓ కణాలు, చో కణాలు అంటారు. ఇవి మనిషి కణాలకి చాలా దగ్గరగా చక్కెర గొలుసులు తగిలిస్తాయి. ఈరోజు ప్రపంచంలో ప్రొటీన్ మందుల్లో చాలావాటికి ఇవే ఫ్యాక్టరీలు. అంటే మా పెదనాన్న సూది వెనకాల ఒక చిన్న ఎలుక కూడా ఉందన్నమాట.

ఇప్పుడు ఒక విచిత్రం చెప్తాను. ల్యాబులో గాజు పాత్రలో కణాలు పెట్టి, వాటి మీద సయాలిక్ ఆమ్లం తీసేసిన ఈపీఓని పోశారనుకోండి. అది పని చేస్తుంది. ఇంకా బాగా కూడా చేస్తుంది. చక్కెరలు అడ్డం లేకపోతే అది కణం మీదున్న రిసెప్టార్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. "ఇంకేం, చక్కెర అనవసరం" అనిపిస్తుంది కదా? కానీ అదే ఈపీఓని జంతువుకి ఎక్కిస్తే దాదాపు ఏ ప్రభావమూ ఉండదు. ఎక్కించిన కాసేపటికే రక్తంలోంచి మాయం.

ఎక్కడికి పోయింది? దీనికి జవాబు ఈపీఓ మందు రాకముందే దొరికింది. 1960ల చివర్లో గిల్బర్ట్ ఆష్‌వెల్, అనటోల్ మొరెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రక్తంలో రాగిని మోసే ఒక ప్రొటీన్ మీద పని చేస్తున్నారు. దాని గొలుసుల చివర ఉండే సయాలిక్ ఆమ్లాన్ని తీసేసి కుందేళ్లకి ఎక్కించారు. మామూలుగా రోజుల తరబడి రక్తంలో తిరిగే ప్రొటీన్ నిమిషాల్లో మాయమైపోయింది. వెతికితే అంతా లివర్‌లో ఉంది.

ఎందుకంటే, సయాలిక్ ఆమ్లం అనేది పెన్నుకి క్యాప్ లాంటిది. క్యాప్ ఉన్నంతసేపూ కింద ఉన్న గెలాక్టోజ్ కనిపించదు. క్యాప్ ఊడితే గెలాక్టోజ్ బయటపడుతుంది. లివర్ కణాల మీద ఆ గెలాక్టోజ్‌ని పట్టుకునే రిసెప్టార్లు ఉన్నాయి. దొరికిందే తడవు, లోపలికి లాగేసి ముక్కలు చేసేస్తాయి. రక్తంలో పాతబడిన కొన్ని ప్రొటీన్లని ఏరివేయడానికి మన ఒంట్లో ఉన్న ఏర్పాటే ఇది. క్యాప్ లేని ఈపీఓని లివర్ చెత్త కిందే లెక్కేస్తుంది. అది కొత్తగా ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అని చూడదు.

ఇప్పుడు అర్థమైందా? పెదనాన్న సూదిలో చక్కెర తీపి కోసం లేదు. ఆ మందు లివర్‌కి దొరక్కుండా మూలుగ దాకా వెళ్లి, తన పని చేసుకునేంతసేపు రక్తంలో నిలబడటం కోసం ఉంది.

ఇది తెలిశాక శాస్త్రవేత్తలకి ఒక ఆలోచన వచ్చింది. నాలుగు గొలుసులు ఇంతసేపు నిలబెడితే, ఇంకో రెండు తగిలిస్తే? ఆమ్‌జెన్‌లోనే ఈ పని చేశారు. ఇందాక చెప్పాను కదా, గొలుసు తగలాలంటే పూసల వరస ఒక పద్ధతిలో ఉండాలని. 165 పూసల్లో 5 మార్చి, కొత్తగా రెండు చోట్ల ఆ వరస వచ్చేలా చేశారు. మిగతా పని చో కణమే చేసి పెట్టింది. ఒక అణువుకి గరిష్ఠంగా 14 ఉండే సయాలిక్ ఆమ్లాలు 22 దాకా పెరిగాయి. ఆ కొత్త మందు డార్బెపోయెటిన్. 2001లో అనుమతి వచ్చింది. నరంలో ఎక్కించిన పాత ఈపీఓ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 8 గంటలు పడితే, దీనికి 25 గంటలు. అంటే మూడు రెట్లు. తమాషా ఏంటంటే, ఇది రిసెప్టార్‌ని పాతదానికన్నా తక్కువ గట్టిగా పట్టుకుంటుంది. అయినా ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి మొత్తం మీద పని ఎక్కువ జరుగుతుంది. రోగి వైపు నుంచి చూడండి. వారానికి మూడు సూదుల బదులు ఒక్కటి. రెండు పోట్లు తగ్గడం అంటే, పొడిపించుకునేవాళ్లని అడిగితే తెలుస్తుంది దాని విలువ.

అయితే చక్కెర క్యాప్ ఎప్పుడూ ఉండాల్సిందేనా? లేదు. ఒక మందులో కావాలనే క్యాప్ తీసేశారు. గోషే అనే అరుదైన జన్యు వ్యాధి ఉంది. ఒక ఎంజైమ్ సరిగా లేకపోవడం వల్ల ఒక రకం కొవ్వు కరగదు. అది మాక్రోఫేజ్ అనే కణాల్లో పేరుకుంటూ పోతుంది. ప్లీహం, లివర్ ఉబ్బుతాయి. ఎముకలు పాడవుతాయి. చిన్నపిల్లలకీ వస్తుంది. అమెరికాలో రాస్కో బ్రేడీ అనే డాక్టర్ బృందం ఆ ఎంజైమ్‌ని బయటినుంచి ఇద్దామని చూసింది. మొదట్లో అది వెళ్లాల్సిన కణాల్లోకి పెద్దగా వెళ్లలేదు. అప్పుడు గొలుసు చివరినుంచి చక్కెరలు ఒక్కోటీ కత్తిరించుకుంటూ వచ్చారు. సయాలిక్ ఆమ్లం తీశారు, గెలాక్టోజ్ తీశారు, దాని కిందది తీశారు. చివరికి మానోజ్ బయటపడింది. మాక్రోఫేజ్‌ల మీద మానోజ్‌ని పట్టుకునే రిసెప్టార్లు ఉంటాయి. ఇక ఎంజైమ్ నేరుగా వాటి లోపలికే వెళ్లింది. 1991లో ఇది మందుగా వచ్చింది. అంటే ఇక్కడ చక్కెర అడ్రస్ స్లిప్పులా పని చేసిందన్నమాట. పార్సిల్ ఏ ఇంటికి వెళ్లాలో అదే చెప్పింది.

ఆ మొదటి మందు ఎంజైమ్‌ని దేన్నుంచి తీశారో తెలుసా? కాన్పు అయ్యాక వచ్చే మాయ నుంచి. వేలకి వేలు మాయలు సేకరించాల్సి వచ్చేది. తర్వాత చో కణాల్లో చేశారు. 2012లో అయితే క్యారెట్ కణాల్లో తయారుచేసిన ఎంజైమ్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది. అవును, మనం కూరలో వేసుకునే క్యారెట్టే. ఆ క్యారెట్ కణాల్లో తయారైన ఎంజైమ్‌కి మానోజ్ ముందే బయటికి ఉంటుంది. కత్తిరించే పనే లేదు.

ఇంతదాకా మంచి సంగతులు. చక్కెర తేడా వస్తే ఏమవుతుందో కూడా చూద్దాం.

సెటుక్సిమాబ్ అని ఒక క్యాన్సర్ మందు ఉంది. ఇది యాంటీబాడీ. దాన్ని ఎలుక కణాల్లో తయారు చేస్తారు. అమెరికాలో టెనెసీ, నార్త్ కరోలినా వైపు కొంతమంది రోగులకి మొదటి డోస్ ఎక్కించగానే ప్రాణం మీదికొచ్చే అలర్జీ వచ్చింది. ఒక చోట లెక్క చూస్తే అయిదుగురిలో ఒకరికి పైనే. దేశంలో మిగతా చాలాచోట్ల అంత లేదు. మొదటిసారి వేసుకునే మందుకి అలర్జీ ముందే ఎలా తయారైంది? 2008లో జవాబు బయటికొచ్చింది. ఎలుక కణాలు ఆ యాంటీబాడీకి ఆల్ఫా గాల్ అనే చక్కెర తగిలిస్తున్నాయి. ఎలుకలకీ ఆవులకీ పందులకీ ఇది మామూలే. మనుషుల్లో మాత్రం దీన్ని తయారుచేసే జన్యువు పని చెయ్యదు. కాబట్టి మన ఒంటికి అది పరాయిది. ఆ ప్రాంతంలో ఉండే ఒక రకం పిడుదు కుట్టిన వాళ్లకి ఈ చక్కెర మీద ముందే అలర్జీ తయారై ఉంటోందని తర్వాత తేలింది. పిడుదు అంటే తెలుసు కదా, పశువులని పట్టుకునే పురుగు. ఆ అలర్జీ ఉన్నవాళ్లకి మాంసం తిన్నా కొన్ని గంటల తర్వాత దద్దుర్లు, ఆయాసం వస్తుంటాయి. చూడండి, ఎక్కడి పిడుదు, ఎక్కడి క్యాన్సర్ మందు. కలిపింది ఒక్క చక్కెర.

ఆటల్లో కూడా ఈ చక్కెర దొంగల్ని పట్టించింది. ఈపీఓ వేసుకుంటే రక్తంలో ఎర్ర కణాలు పెరిగి ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది. అందుకని సైకిల్ రేసుల్లో, స్కీయింగ్‌లో చాటుగా వాడేవాళ్లు. మన ఒంట్లోనూ ఈపీఓ ఉంటుంది కాబట్టి పట్టుకోవడం కష్టం అనుకున్నారు. కానీ మనిషి కిడ్నీ తగిలించే చక్కెరకి, చో కణం తగిలించే చక్కెరకి కొద్ది తేడా ఉంది. ఆ తేడా వల్ల విద్యుత్ క్షేత్రంలో రెండూ వేర్వేరు చోట్ల ఆగుతాయి. ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు దీని మీద మూత్ర పరీక్ష తయారు చేశారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వాడటం మొదలైంది. 2002లో సాల్ట్ లేక్ సిటీ వింటర్ ఒలింపిక్స్‌లో స్పెయిన్ తరఫున ఆడిన యోహాన్ మ్యూలెగ్, ఇద్దరు రష్యా స్కీయర్లు దొరికిపోయారు. వాళ్లు వాడింది డార్బెపోయెటిన్. అది కొత్త మందు, దాన్ని పట్టుకోలేరు అనుకుని ఉంటారు. కానీ అదనంగా తగిలించిన రెండు గొలుసుల వల్ల అది ఇంకా స్పష్టంగా దొరికింది. పతకాలు పోయాయి.

ఇప్పుడు మన హైదరాబాద్‌కి వద్దాం. 2007లో డాక్టర్ రెడ్డీస్ కంపెనీ రెడిటక్స్ అనే మందుని తెచ్చింది. అది రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీకి మన దగ్గర చేసిన బయోసిమిలర్. బ్లడ్ క్యాన్సర్లలో కొన్నింటికి వాడతారు. బయోసిమిలర్ అనే పదం గమనించండి. పారాసిటమాల్‌ని వేరే కంపెనీ చేస్తే జెనరిక్ అంటాం. అణువు చిన్నది, ఎవరు చేసినా అచ్చం అదే. ప్రొటీన్ మందుని మాత్రం "అచ్చం అదే" అనరు, "దానిలాంటిది" అంటారు. కారణం పెద్దగా ఈ చక్కెరే. పూసల వరస జన్యువు చెప్పినట్టే వస్తుంది. చక్కెర గొలుసులకి అలాంటి అచ్చు లేదు. ఒకే డ్రమ్ములో, ఒకే రోజు తయారైన అణువుల్లో కూడా ఒకదానికి నాలుగు కొమ్మలుంటే ఇంకోదానికి మూడు ఉండొచ్చు. కణానికి పెట్టిన తిండి, ఉష్ణోగ్రత, ఆక్సిజన్, ఎన్నిరోజులు పెంచారు, అన్నీ దాని మీద ప్రభావం చూపిస్తాయి.

ఇంట్లో నలుగురికి పులిహోర చేసే అమ్మ, అదే చేత్తో పెళ్లిలో వెయ్యిమందికి చేస్తే రుచి మారుతుందా లేదా? ఇదీ అంతే. జెంజైమ్ అనే కంపెనీ పాంపే అనే వ్యాధికి ఎంజైమ్ మందుని 160 లీటర్ల ట్యాంకులో చేసేది. సరిపోవట్లేదని 2000 లీటర్ల ట్యాంకుకి మారింది. అవే కణాలు, అదే జన్యువు. కానీ చక్కెరల్లో తేడా వచ్చింది. 2008లో అమెరికా ఎఫ్‌డీఏ, "ఇది అదే మందు అనలేం, వేరే మందుగా అప్లై చేసుకోండి" అంది. రెండేళ్ల తర్వాత 2010లో అది వేరే పేరుతో అనుమతి తెచ్చుకుంది.

యాంటీబాడీల్లో అయితే ఒక్క చక్కెర మారినా తేడా కొలవచ్చు. గొలుసులోంచి ఫ్యూకోజ్ అనే చక్కెరని తీసేస్తే, మన రోగనిరోధక కణాలు ఆ యాంటీబాడీని ఇంకా గట్టిగా పట్టుకుని క్యాన్సర్ కణం మీద ఎక్కువ దాడి చేస్తాయి. దీన్ని వాడుకుని చేసిన మొగాములిజుమాబ్‌కి 2012లో జపాన్‌లో, ఫ్యూకోజ్ తగ్గించిన ఒబినుటుజుమాబ్‌కి 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. కాబట్టి బయోసిమిలర్ తయారుచేసే ల్యాబులో చక్కెరల్ని కొలిచేవాళ్లకి చేతినిండా పని ఉంటుంది. బయోటెక్ చదువుతున్నవాళ్లు, ఫార్మసీ చదువుతున్నవాళ్లు, ఈ ఎపిసోడ్‌లో మీకు ఒక ఉద్యోగం మాట కూడా దాగుంది, చూసుకోండి.

సరే, మళ్లీ మా పెదనాన్న దగ్గరికి వద్దాం. ఆయన అసలు ప్రశ్న "నాకు షుగర్ పెరుగుతుందా?" అని. లెక్క చేద్దాం. ఆయనకి వేసేది 4000 యూనిట్ల సూది. అందులో ఈపీఓ బరువు సుమారు 33 మైక్రోగ్రాములు. దానిలో 40 శాతం అంటే 13 మైక్రోగ్రాముల చక్కెర. మన రక్తంలో మామూలుగానే ఎప్పుడూ నాలుగైదు గ్రాముల గ్లూకోజ్ తిరుగుతుంటుంది. ఆ గ్లూకోజ్‌లో మూడు లక్షల వంతు కూడా లేదు ఇది. ఒక్క పంచదార పలుకుని ముప్ఫై, నలభై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. అదీ గ్లూకోజ్‌గా రక్తంలోకి వదిలేది కాదు, ప్రొటీన్‌కి కుట్టేసి ఉన్నది. 40 శాతం అని విన్నప్పుడు "దేంట్లో 40 శాతం?" అని అడగాలి. అది ఆ వీడియో చెప్పలేదు.

ఫోన్లో ఇదంతా చెప్పాక ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ పంచదార దానికి గొడుగులాగ అన్నమాట" అన్నారు. నేను ఇంతసేపు చెప్పింది ఆయన ఒక్క మాటలో తేల్చేశారు. తర్వాతి డయాలసిస్ రోజున డాక్టర్‌కి రెండు వారాలు మానేసిన సంగతి చెప్పమన్నాను. చెప్పారు. డాక్టర్ తిట్టలేదట. రక్త పరీక్ష చేసి, హిమోగ్లోబిన్ తగ్గిందని చూసి, సూది మళ్లీ మొదలుపెట్టారు.

మీ ఇంట్లో కూడా ఈ సూది వేయించుకునేవాళ్లు ఉంటే మూడు మాటలు.

ఒకటి, ఇది ప్రొటీన్. మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు, గట్టిగా కుదపకూడదు. గడ్డకట్టినా, కుదిపినా ప్రొటీన్ పాడవుతుంది. మెడికల్ షాపు నుంచి ఆస్పత్రికి తీసుకెళ్లేటప్పుడు ఎండలో బండి డిక్కీలో పడెయ్యొద్దు, ఐస్ ప్యాక్‌తో ఎలా తీసుకెళ్లాలో షాపులోనే అడగండి.

రెండు, ఎక్కువ వేసుకుంటే ఎక్కువ మంచిది అనుకోవద్దు. 2006లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో హిమోగ్లోబిన్‌ని మరీ పైకి తీసుకెళ్లిన కిడ్నీ రోగులకి గుండె సమస్యలు, మరణాలు ఎక్కువయ్యాయి. 2009లో షుగర్, కిడ్నీ జబ్బు రెండూ ఉన్న 4000 మందికి పైగా రోగుల మీద చేసిన ఇంకో అధ్యయనంలో డార్బెపోయెటిన్ తీసుకున్నవాళ్లకి పక్షవాతం దాదాపు రెండింతలు వచ్చింది. అందుకే ఇప్పుడు డాక్టర్లు ఒక హద్దు పెట్టుకుని, టెస్టులు చూసుకుంటూ డోస్ మారుస్తారు. మానెయ్యడమూ పెంచడమూ రెండూ డాక్టర్ చేతిలోనే ఉండాలి. స్టామినా కోసం జిమ్‌లో ఎవడో అమ్మితే వేసుకుందాం అనుకునే తమ్ముళ్లూ, ఇది మీకు కూడా చెప్తున్నాను. రక్తం చిక్కబడితే గడ్డ కడుతుంది. అది గుండెకో మెదడుకో వెళ్తుంది.

మూడు, పెద్దవాళ్లు మీ ఫోన్లో ఏదైనా చూసి భయపడి మందు మానేస్తే తిట్టకండి. మా పెదనాన్న తెలివితక్కువ వాడు కాదు. "నాకు షుగర్ ఉంది, ఇందులో చక్కెర ఉంది, కాబట్టి వద్దు" అనుకున్నారు. ఆయన లాజిక్ సరైనదే, అందిన సమాచారం సగం. మిగిలిన సగం చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు మీ ఇంట్లో వాళ్లకి మీరు ఇవ్వండి.

ఈరోజుకి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటాను.